స్నానజలము: దోషములు, పరీక్షలు, నివారణోపాయములు

సింహగిరిపై గంగధార క్రింద ఒక్కసారి తలయొగ్గిన స్త్రీ ఆ చల్లదనమును ఎన్నటికిని మరువజాలదు. కొండ కడుపులో నూరి, రాళ్ళసందుల దూరి వచ్చిపడు ఆ ధారలో స్నానమాడి, తడిబట్టలతోనే వరాహలక్ష్మీనృసింహస్వామి దర్శనమునకు పోవు యాత్రికులు పెక్కుమంది. ఏటేట వైశాఖ శుద్ధ తదియనాడు చందనము వలిచి నిజరూపదర్శన మొసగిన పిమ్మట స్వామికి జరుగు సహస్రఘటాభిషేకమునకు సైతము గంగధార నీరే కొనివత్తురు. కొండ కావలి వైపున మాధవధార యున్నది. మనవారు షవరు అను మాట నెరుగక పూర్వమే జల్లుస్నానపు సుఖము నెరిగియుండిరి.

కొండ దిగి అడవివరములోనో గోపాలపట్నములోనో యింటికి వచ్చి, స్నానాలగదిలో మర త్రిప్పినప్పుడు మాత్రము కథ వేరుగా నుండును. ఒక యింట నీరు ఎర్రనిది. ఒక యింట సబ్బు ఎంత రుద్దినను నురుగు రాదు. ఒకచోట కుళ్ళిన గ్రుడ్డు కంపు. మరియొకచోట షవరునుండి నాలుగు చుక్కలు రాలి యూరకుండును. గృహిణి విసిగి పనివానిని పిలుచును. అతడు షవరు మార్చుమనును. అంగడివాడు యంత్రము కొనుమనును. ప్రక్కింటివారు మరియొక సబ్బు పేరు చెప్పుదురు. డబ్బు పోవును గాని దోషము పోదు. రోగ మెక్కడనున్నదో తెలియక మందు పూసినట్లగును.

సోదరీమణులారా! నేను చెప్పదలచిన దొక్కటే. స్నానపు నీటికి దోషము పట్టు చోట్లు నాలుగే నాలుగు: నీరు వచ్చు మూలము, నీరు నిలువయుండు ట్యాంకు, నీరు నడచు గొట్టము, నీరు కాగు గీజరు. ఈ నాలుగింటిలో ఏది దోషియో కనుగొనుట మనచేతిలోని పని. దానికి నాలుగు గాజుగ్లాసులు చాలును. అది తెలిసిన పిమ్మటనే ఎవరినైనను పిలువవలెను, ఏదైనను కొనవలెను.

ప్రక్కింటి నీరు బాగుండ మన నీ రేల చెడ్డది?

వాననీరు స్వభావముచే మెత్తనిది. నేలలో నింకి రాతినడుమ నడచునప్పుడే అది గుణదోషములను కూడగట్టుకొనును. సింహాచలపు కొండలును, విశాఖపట్టణము చుట్టునున్న తూర్పు కనుమలును చాలవరకు ఖోండలైటు అను శిలతో నేర్పడినవి. కొండలలో నివసించు ఖోండు జాతివారి పేరే ఈ శిలకు వచ్చినది. ఈ శిలలో ఇనుము కలిసిన ఖనిజములున్నవి. అవి ఎండకును వానకును శిథిలమై తుప్పుపట్టుటచేతనే ఈ ప్రాంతపు మన్ను ఎర్రగా కనబడును. ఇట్టి నేలలో త్రవ్విన బోరులలో కొన్నింట ఇనుము కలిసిన నీరు పడును. సముద్రపుటొడ్డున అతిగా తోడిన బోరులలోనికి ఉప్పునీరు చొరబడును. ఒకే వీథిలో ఒక బోరు తియ్యగను, దాని ప్రక్కది చవుడుగను ఉండుట కద్దు.

కొళాయి నీటి చరిత్ర వేరు. శారదానదిపై రైవాడ, గోస్తనిపై తాటిపూడి, నగరము చెంతనే మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, దూరమునుండి వచ్చు ఏలేరు కాలువ, ఇవన్నియు విశాఖ దాహమును దీర్చునవే. ఇవి యేళ్ళనీళ్ళు గనుక సాధారణముగా బోరునీటికంటె మెత్తనివి. వానకాలమున మాత్రము బురద కలియవచ్చును. పెక్కు యిండ్లలో కొళాయినీరు, బోరునీరు ఒకే తొట్టిలో కలియుచుండును. అందుచేతనే సోమవారము బాగున్న నీరు గురువారమున చెడును. "నిన్న బాగుండెనే!" యని యాశ్చర్యపడుటకు ముందు నిన్న తొట్టిలో నిండినదే నీరో విచారింపవలెను.

నాలుగు గ్లాసుల పరీక్ష

తెల్లవారి ఎవరును నీరు వాడకమునుపు నాలుగు శుభ్రమైన గాజుగ్లాసులు తీసికొని, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కాగితపు ముక్క లంటింపుడు. మొదటిదానిలో తొట్టిలో పడకముందు బోరునుండియో కొళాయినుండియో తిన్నగా నీరు పట్టవలెను. రెండవదానిలో మేడమీది ట్యాంకు నీరు. మూడవదానిలో స్నానాలగదిలోని చన్నీటి కొళాయి నీరు. నాలుగవదానిలో గీజరు నీరు. తెల్లకాగితము వెనుకనుంచి రంగు చూడుడు. గ్లాసులను గదివెలుపలికి కొనిపోయి వాసన చూడుడు. పిమ్మట వానిని సాయంకాలమువరకు కదపక, అడుగున మడ్డి చేరినదేమో పరికింపుడు.

మొదటి గ్లాసులోనే దోషము కనబడినచో మూలమే చెడ్డది. ట్యాంకు కడిగినను ప్రయోజనము లేదు. మొదటిది బాగుండి రెండవది చెడినచో ట్యాంకు దోషి. మొదటి రెండును బాగుండి మూడవది చెడినచో గొట్టము దోషి. నాలుగవది మాత్రమే చెడినచో గీజరు దోషి. ఇంతకుమించి ఈ శాస్త్రమున మర్మమేమియు లేదు.

ఒక హెచ్చరిక. పట్టిన వెంటనే నీరు పాలవలె తెల్లనై, రెండుమూడు నిమిషములలో అడుగునుండి పైకి తేటపడినచో అది గొట్టములో చిక్కిన గాలి మాత్రమే. భయపడవలసిన పనిలేదు.

నురుగు రాని నీరు

నీటిలో కాల్షియము, మెగ్నీషియము అను ధాతువుల లవణములు మిక్కుటమైనచో దానిని కఠినజలమందురు. సబ్బు వీనితో కలిసి నురుగు గాక తెల్లని మడ్డిగా మారును. ఆ మడ్డియే బకెట్టు అంచులను, గోడ పలకలను, మన తలవెండ్రుకలను పట్టుకొనును. దీనిని తెలిసికొనుటకు మూతగల సీసాలో సగమువరకు నీరు పోసి, చిన్న సబ్బుముక్క తురిమి వేసి గట్టిగా కుదుపుడు. వేరొక సీసాలో పట్టియుంచిన వాననీటితో అట్లే చేయుడు. వాననీటిలో నురుగు నిండుగా నిలుచును. కఠినజలమున నురుగు సన్నగిలి మడ్డి తేలును. ఈ పరీక్షకు బట్టల డిటర్జెంటు పొడి పనికిరాదు. అది కఠినజలమునను నురుగు నిచ్చును. భారతీయ ప్రమాణము త్రాగునీటికి లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యము మేలని, వేరు నీరు దొరకనిచోట 600 వరకు ఒప్పవచ్చునని నిర్ణయించినది.

ఈ నీటివలన కలుగు గృహకలహ మొకటి కలదు. అడవివరములో నిద్దరిండ్ల నడుమ గోడమీదుగా ఇట్టి సంభాషణ జరుగవచ్చును.

"ఏం చెప్పమంటారు వదినా! కోడలు వచ్చి మూడు నెలలు కాలేదు, జుట్టంతా పీచైపోయింది. పిల్లకి ఒంటిమీద శ్రద్ధ లేదు."

"శ్రద్ధ కాదు వదినా, మీ బోరు నీళ్ళు చూడండి. పుట్టింట యేటి నీళ్ళతో తలంటుకున్న పిల్ల."

ఈ రెండవ యామె మాటలో సత్యము కలదు. కఠినజలమువలన వెండ్రుకలు గరుకెక్కి, కాంతి తగ్గి, చిక్కులుపడి తెగుట సంభవమే. అయినను వెండ్రుకలు కుదుళ్ళతో నూడుటకు నీరే కారణమని నిశ్చయింపరాదు. రక్తమున ఇనుము తక్కువగుట, థైరాయిడు గ్రంథి దోషము, ప్రసవానంతర స్థితి, తీవ్రజ్వరము మున్నగునవి దానికి సాధారణ కారణములు. తెగిన వెండ్రుక పొట్టిగా నుండును. కుదురుతో నూడినదాని మొదట తెల్లని చిన్న బుడిపె కనబడును. బుడిపెగల వెండ్రుకలు దువ్వెనకు కుచ్చులుగా వచ్చుచున్నచో, నూనెలు మార్చుట మాని, కోడలిని నిందించుట మాని, వైద్యునివద్ద రక్తపరీక్ష చేయింపవలెను.

చర్మరోగముల విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. కఠినజలమున్నచోట పిల్లలకు తామరవంటి చర్మపు మంట యెక్కువని కొన్ని పరిశీలనలు తెలిపినవి. కాని 2011లో ఇంగ్లాండున 336 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో, నీటిని మెత్తబరచు యంత్రము పెట్టినందువలన మామూలు చికిత్సకు మించిన లాభ మేమియు కనబడలేదు. కనుక అప్పుచేసి యంత్రము కొనుటకు ముందు పిల్లను వైద్యునకు చూపుట మేలు.

ఇక నుపాయములు. మన పూర్వస్త్రీల కుంకుడుకాయ ఇక్కడ సబ్బును మించినది. కుంకుడు నురుగు సబ్బువలె కాల్షియముతో మడ్డికట్టదు. శీకాయయు, నలుగుపిండియు నట్లే. తలంటుకు వాననీరు పట్టియుంచిన మరియు మంచిది; మొదటి వానకు కప్పుమీది మురికిని పోనిచ్చి, పిమ్మటి వాననీరు పట్టవలెను. కాచినచో కాఠిన్యములో కొంతభాగము గారగా దిగును. పూర్వము గుండిగ అడుగున తెల్లని గార పేరుకొనుట చూచినవా రెందరో కలరు. కాచి తేర్చిన నీటితో చివరిసారి తల తడుపుకొనిన చాలును.

షవరునకు తగిలించు చిన్న వడపోత గొట్టములు క్లోరినును కొంత తగ్గింపవచ్చును గాని కాఠిన్యమును పోగొట్టజాలవు. అంత చిన్న గొట్టములో ఇంటిల్లిపాది స్నానపు నీటిని మెత్తబరచు శక్తి యుండదు. నిజముగా మెత్తబరచునవి రెసిను గుళికలుగల పెద్ద యంత్రములు. వానిని కొన్ని దినముల కొకసారి ఉప్పునీటితో కడుగవలెను. కొనుటకు ముందు ఆ ఉప్పు ఖర్చును, పారబోయవలసిన నీటిని లెక్కించుకొనుడు.

ఎర్రనీరు

బోరునుండి పట్టినప్పుడు తేటగానుండి, గంటసేపు నిలిచిన పిమ్మట ఎర్రబారు నీటిలో ఇనుమున్నది. భూమిలో కరిగియున్న ఇనుము గాలి సోకగానే తుప్పుగా మారి అడుగున దిగును. దీనికి మన పెద్దల సిరాబుడ్డిలోనే పరీక్ష కలదు. కరక్కాయ కషాయమునకు ఇనుము తోడైనచో నల్లబడును. ఆ గుణముతోనే సిరా చేయుచుండిరి. తాజాగా పట్టిన నీటిలో కొంచెము కరక్కాయ కషాయము పోసినప్పుడు నలుపో నీలిచాయయో తిరిగినచో ఇనుము కలదని తెలియవలెను.

ఇట్టి నీటి స్నానము ఆరోగ్యమునకు హాని గాదు. కాని తెల్లచీరలు పాడగును, నేల మరకపడును, గొట్టములలో జిగురు పేరుకొనును. నివారణ సులభము. చిల్లులుపెట్టిన తొట్టినుండి నీటిని సన్నధారలుగా ఎత్తునుండి గాబులో పడనీయుడు. కొండధార చేయు పని యిదియే: పడుచు పడుచు నీరు గాలిని కలుపుకొనును. రాత్రియంతయు నిలువనిచ్చి, పైనీటిని ఇసుకగుండా వడగట్టినచో చాలవరకు ఎరుపు పోవును.

ఎరుపు తెల్లవారి మొదటి బకెట్టులో మాత్రమే కనబడి తరువాత తేటపడినచో దోషము బోరునది కాదు. పాత ఇనుపగొట్టము తుప్పుపట్టినది. వేడినీటిలో మాత్రమే కనబడినచో గీజరు తొట్టి తుప్పుపట్టినది.

కంపు

వాసన వచ్చినప్పుడు మొదట గ్లాసును గదివెలుపలికి కొనిపోవుడు. వెలుపల కంపు లేనిచో నీరు నిర్దోషి. నేలమీది నీరు పోవు తూములో ఎల్లప్పుడు కొంచెము నీరు నిలిచి, క్రింది దుర్గంధమును అడ్డగించును. వాడని గదిలో ఆ నీ రెండిపోయి కంపు పైకి వచ్చును. ఒక చెంబుడు నీరు పోసిన చాలును.

కుళ్ళిన గ్రుడ్డు కంపు వేడినీటిలో మాత్రమే యున్నచో గీజరును అనుమానింపవలెను. తొట్టి తుప్పుపట్టకుండ లోపల మెగ్నీషియము కడ్డీ యొకటి యుంచుదురు. నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు ఆ కడ్డీ సహాయమున గంధకపు వాయువును పుట్టించును. కడ్డీని మార్పించి, తొట్టిని కడిగింపవలెను. చన్నీటిలోను కంపున్నచో బోరునుగాని ట్యాంకునుగాని శుద్ధిచేయవలెను.

కొళాయినీటి క్లోరిను వాసనకు మాత్రము భయపడకుడు. చివరి యింటి కొళాయివరకు లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని ప్రమాణము. వాసన సహింపనివారు బకెట్టు నొకగంట మూతలేక ఉంచవలెను.

షవరు చిక్కిన యెడల

ధార సన్నగిలినప్పుడు అదే గదిలోని కొళాయి త్రిప్పి చూడుడు. కొళాయి బాగుగా వచ్చుచున్నచో షవరు రంధ్రములలో గార పట్టినది. షవరు తల విప్పి నిమ్మరసములోగాని, వెనిగరులోగాని నాననిచ్చి, పాత పళ్ళకుంచెతో రుద్దుడు. మెరుగుపూత పెట్టిన లోహమైనచో అరగంటకు మించి నానబెట్టరాదు. కొళాయియు సన్నగా వచ్చుచున్నచో గొట్టము పూడినదో, ట్యాంకు ఎత్తు చాలదో తెలిసికొనవలెను. పది మీటర్ల ఎత్తునుండి దిగు నీరు చదరపు సెంటిమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి నిచ్చును. గది నెత్తిపైనే ట్యాంకు కూర్చున్నచో ఎంత ఖరీదైన షవరు కొన్నను జల్లు రాదు.

ఇక్కడ ప్రాణము మీది మాట యొకటి. గార పోగొట్టు పులుపునుగాని, మరుగుదొడ్డి కడుగు ఆమ్లమునుగాని బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. వానినుండి వెలువడు క్లోరిను వాయువు మూసిన గదిలో ఊపిరితిత్తులను కాల్చును.

తుపాను తరువాత ట్యాంకు

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తును, కొళాయి నీరును నిలిచిపోయి, బిందెడు నీటికై స్త్రీలు వీథిలో నిలువవలసివచ్చినది. మూత ఎగిరిపోయిన ట్యాంకులలో ఆకులు, మట్టి పడి కుళ్ళినవి. ఇట్టి యాపద పిమ్మట ట్యాంకును దులిపి, రుద్ది కడిగి, నింపి, 1000 లీటర్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగు పొడిని బకెట్టు నీటిలో కలిపి తేర్చి ఆ తేటను పోయవలెను. ఒక దినము నిలువయుంచి అంతయు పారబోసి, మరల మంచినీటితో కడిగిన పిమ్మటనే వాడుకొనవలెను. ఆపద లేకున్నను ఆరుమాసముల కొకసారి ట్యాంకు కడిగించుట, మూత బిగించుట మానరాదు.

బురదనీటిని తేర్చుటకు పటికయు, అరగదీసిన చిల్లగింజయు మనకు చిరపరిచితములే. అవి మట్టిని దింపును గాని సూక్ష్మజీవులను చంపవని మరువరాదు.

ఊరినుండి వచ్చి చాలదినములకు స్నానాలగది తెరచినప్పుడు షవరును కొన్ని నిమిషములు పారనిచ్చి, ఆ వేళ వెలుపల నుండుడు. గోరువెచ్చగా నిలిచిన నీటిలో లెజియోనెల్లా అను సూక్ష్మజీవి పెరిగి, తుంపరలతోపాటు ఊపిరిలో ప్రవేశించి న్యుమోనియా కలిగింపగలదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక సభకు వచ్చినవారిలో ఇది ప్రబలి పలువురు మరణించుటవలననే లోకమునకు తెలిసినది. నీరు 60 డిగ్రీలకు కాగినచో ఆ జీవి చచ్చును.

కాని అదే 60 డిగ్రీల నీరు సుమారు అయిదు సెకనులలో చర్మమును కాల్చగలదని, 49 డిగ్రీలలో అందుకు పది నిమిషములవరకు పట్టునని 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అను పరిశోధకులు తెలిపిరి. శిశువుల చర్మము మరియు పలుచన. కావున బకెట్టులో ముందు చన్నీరు, పిదప వేడినీరు పోయవలెను. మోచేతితో చూచినగాని బిడ్డను దింపరాదు. వేడినీటి బకెట్టు చెంత బిడ్డను విడిచి తువాలుకొరకు పోరాదు.

ఒక్క దినమును ఆగరాని దోషములు రెండు

పైవానికి రెండు దినములు తాళవచ్చును. ఈ రెండింటికి తాళరాదు.

మొదటిది: కొళాయినో షవరునో ముట్టినప్పుడు చేయి జిమ్మనుట. అది గీజరునుండి విద్యుత్తు జారుచున్నదనుటకు గుర్తు. "కొంచెమే కదా" అని సరిపెట్టుకొనిన యిల్లాలు తడినేలపై నిలిచి ప్రాణముతో చెలగాటమాడుచున్నది. స్నానము మాని, మరల ఏ కొళాయిని ముట్టక, మెయిన్ స్విచ్చి ఆపి, ఎలక్ట్రీషియనుచే ఎర్తు సరిచూపింపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల జారుడుకే విద్యుత్తును తెంచు ఆర్.సి.సి.బి. అను మర యింటింట నుండదగినది. బకెట్టులో ముంచు కాగుకడ్డీ వాడువారు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసినగాని నీటిలో వ్రేలు ముంచరాదు.

రెండవది: గ్యాసు గీజరు స్నానాలగది లోపల నుండుట. మూసిన గదిలో గాలి చాలక మంట సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తలతిరుగుట, కాళ్ళు తేలిపోవుట తోచినంతలోనే మనిషి పడిపోవును. తలుపు గడియవేసియున్నందున కేకయైన వినబడదు. గ్యాసు గీజరును గదివెలుపల గాలి యాడుచోట పెట్టింపవలెను. అద్దెయిల్లయినను ఈ విషయమున యజమానికి మొగమాటపడరాదు.

నీటిని గూర్చి మరింత నిశ్చయముగా తెలిసికొనగోరువారికి ప్రభుత్వ ప్రయోగశాలలు కలవు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ గ్రామమున కయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని నియమించినది. నీటిబిందె యుగయుగములుగా మన నడుముననే యున్నది. దాని గుణదోషముల తీర్పు కూడ మనచేతికే వచ్చుట న్యాయము.

రేపు తెల్లవారి నాలుగు గ్లాసులు తీసి యుంచుడు. రూపాయి ఖర్చు చేయుటకుముందు నీటినే అడుగుడు. ఎచ్చట చెడినదో అది దాచక చెప్పును.